ఫూటీ: పేట ఆట దేశపు ఆట అయిన వైనం

ఆస్ట్రేలియాలో ఫుట్‌బాల్ అన్న మాటకు అర్థం ఊరినిబట్టి మారుతుంది. సిడ్నీలో ఆ మాట వినగానే రగ్బీ స్ఫురిస్తుంది. మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్ నగరాలలో మాత్రం కోడిగుడ్డు ఆకారపు బంతితో, క్రికెట్ మైదానమంత విశాలమైన చోట, పక్షానికి పద్ధెనిమిది మంది ఆడే ఆట అని అర్థం. జనం ముద్దుగా ఫూటీ అంటారు. ఇరువైపులా నాలుగేసి స్తంభాలు నిలిపి ఉంటాయి. నడిమి రెండింటి మధ్యగా బంతిని తన్నితే 6 పాయింట్లు. గురి తప్పి పక్క సందులోనుంచి పోయినా 1 పాయింటు. గురి తప్పినవానికి కూడా కొంత గౌరవం దక్కే ఆట ఇది. దీనిమీద నాకు ఇష్టం కలగడానికి మొదటి కారణం అదేనేమో!

నేను మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటాను కనుక, ఈ దిక్కున పుట్టిన వెస్టర్న్ బుల్‌డాగ్స్ నా జట్టు. మైదానంలో నా చుట్టూ కూర్చునే పెద్దలు తరచుగా అనే మాట ఒకటుంది: ఆట మునుపటిలా లేదు, దాని సంస్కృతే మారిపోయింది అని. ఆ మాటలో ఎంత నిజముందో, ఎంత భ్రమ ఉందో చరిత్ర తిరగేసి చూడాలనిపించింది. దాని ఫలితమే ఈ టపా.

1858 జూలై 10న మెల్‌బోర్న్ పత్రికలో టామ్ విల్స్ అనే క్రికెటర్ రాసిన లేఖ ఒకటి అచ్చయింది. చలికాలంలో క్రికెటర్ల ఒళ్ళు మొద్దుబారకుండా ఫుట్‌బాల్ సంఘమొకటి పెట్టుకోవాలన్నది దాని సారాంశం. ఆ ఆగస్టు 7న రెండు పాఠశాలల నడుమ, పక్షానికి నలభై మంది చొప్పున, ఒక పోటీ మొదలయింది. 1859 మే 17న విల్స్, మరికొందరు కూర్చుని పది నియమాలు రాశారు. లండన్‌లో సాకర్ నియమాలు రూపొందింది 1863లో. అంటే ఫూటీ నియమాలు వాటికంటే నాలుగేళ్ళు పెద్దవి.

ఈ పుట్టుక కథలో ఒక మౌనం ఉంది. విల్స్ ఇంగ్లండులో రగ్బీ పాఠశాలలో చదివాడు, నిజమే. కాని అతని బాల్యం గడిచింది విక్టోరియా పడమటి ప్రాంతంలో, జబ్ వురుంగ్ అనే ఆదివాసుల నడుమ. వారి భాష అతనికి వచ్చు. ఆ ప్రాంతపు ఆదివాసులు పోసమ్ అనే జంతువు తోలుతో చేసిన బంతిని ఎత్తుగా తన్ని, ఎగిరి పట్టుకునే మార్న్‌గ్రూక్ అనే ఆట ఆడేవారు. ఫూటీలోనూ ఎగిరి బంతి పట్టడమే అందచందం. విల్స్ దానినుంచి నేర్చాడనడానికి రాతపూర్వకమైన ఆధారం లేదు కనుక చరిత్రకారులు నేటికీ వాదులాడుకుంటున్నారు. లీగ్ 2008లో ప్రచురించిన చరిత్రలో ఆ సంబంధాన్ని కట్టుకథగా తోసిపుచ్చిన వ్యాసముంది; 2019 నాటికి అదే లీగ్ మార్న్‌గ్రూక్ ప్రభావాన్ని అంగీకరించింది. పదకొండేళ్ళలో తిరుగులేని సాక్ష్యమేదీ పుట్టుకొచ్చిందని కాదు. అడిగేవారు మారారు, వినేవారు మారారు.

1897లో ఎనిమిది సంఘాలతో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ మొదటి పోటీలు జరిపింది. ఒక్క గీలాంగ్ తప్ప తక్కినవన్నీ మెల్‌బోర్న్ సంఘాలే: కార్ల్టన్, కాలింగ్‌వుడ్, ఫిట్జ్‌రాయ్ వంటివి ఇరుగుపొరుగు పేటలు. పేటకొక మైదానం, పేటకొక రంగుల చొక్కా. ఇక్కడ జట్టును ఎంచుకోవడమనేది అరుదు. అది ఇంటిపేరులా తండ్రినుంచో తల్లినుంచో సంక్రమిస్తుంది. 1970లో కార్ల్టన్, కాలింగ్‌వుడ్ తలపడిన అంతిమపోటీకి 1,21,696 మంది వచ్చారు. ఆ లెక్క నేటికీ చెక్కుచెదరలేదు.

పేట కట్టు సడలడం 1982లో మొదలయింది. అప్పులలో మునిగిన సౌత్ మెల్‌బోర్న్ జట్టు సిడ్నీకి తరలిపోయింది. 1986లో కొత్త ఆటగాళ్ళను లీగే జట్లకు పంచే పద్ధతి వచ్చింది. 1987లో పెర్త్, బ్రిస్బేన్ నగరాల జట్లు చేరాయి. 1990లో లీగ్ పేరులోని విక్టోరియా పోయి ఆస్ట్రేలియా వచ్చింది. టెలివిజన్‌కు కావలసింది దేశవ్యాప్తమైన పోటీ. దానికి పట్టుమని పది మైళ్ళలోపు తొమ్మిది పది జట్లుండటం దండగ.

ఆ దండగ లెక్కకు బలి అయినది ఫిట్జ్‌రాయ్. ఎనిమిది సార్లు విజేతగా నిలిచిన ఆ జట్టు 1996 సెప్టెంబరు 1న, సొంత పేటకు మూడువేల కిలోమీటర్ల దూరాన పెర్త్‌లో, చివరి ఆట ఆడి ఓడిపోయింది. దాని ఆనవాళ్ళను బ్రిస్బేన్ జట్టులో కలిపారు. బ్రిస్బేన్ 2001 నుంచి వరుసగా మూడేళ్ళు గెలిచినప్పుడు పాత ఫిట్జ్‌రాయ్ వారిలో కొందరు సంబరపడ్డారు, కొందరు ఇక మైదానం ముఖమే చూడలేదు. ఎవరిని తప్పు పట్టగలం?

అయితే లెక్కలు వేసినవారి జోస్యాలన్నీ నిజం కాలేదు. 1989లో ఫుట్‌స్క్రే జట్టును ఫిట్జ్‌రాయ్‌తో కలిపేయబోతే, ఆ పేట జనం ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి నిలుపుకున్నారు. ఆ ఫుట్‌స్క్రేయే పేరు మార్చుకుని వెస్టర్న్ బుల్‌డాగ్స్ అయి, 62 ఏళ్ళ నిరీక్షణ తరువాత 2016లో గెలిచింది. 1996లో మెల్‌బోర్న్ జట్టుతో విలీనాన్ని హాథార్న్ సభ్యులు ఓటు వేసి తిరస్కరించారు. ఆ జట్టు 2008లోను, 2013 నుంచి వరుసగా మూడేళ్ళూ విజేత. పేట మమకారం ఉత్త భావుకత కాదు, అది జట్టుకు మూలధనం. ఈ విషయంలో నేను పెద్దల పక్షం.

ఇక నాణేనికి రెండో వైపు. డగ్ నికల్స్ అనే ఆదివాసి యువకుడు 1920లలో కార్ల్టన్‌లో చేరబోతే, అతని ఒంటి రంగు కారణంగా అక్కడివారు నిలువనీయలేదు. 1932లో ఫిట్జ్‌రాయ్ అతనికి చోటిచ్చింది. ఆయనే 1976లో దక్షిణ ఆస్ట్రేలియా గవర్నరు అయ్యారు. నేడు లీగ్ ఏటా ఆదివాసుల గౌరవార్థం జరిపే పోటీలకు ఆయన పేరే పెట్టుకున్నది.

1993 ఏప్రిల్ 17న కాలింగ్‌వుడ్ సొంత మైదానం విక్టోరియా పార్కులో సెయింట్ కిల్డా ఆటగాడు నిక్కీ విన్మార్ ఆట పొడుగునా జాతి దూషణలు విన్నాడు. గెలిచిన తరువాత కంచె ఆవలి జనంవైపు తిరిగి, చొక్కా పైకెత్తి, తన నల్లని ఒంటిని వేలితో చూపాడు. ఆ ఛాయాచిత్రం ఈ ఆట చరిత్రలోనే మిక్కిలి ప్రసిద్ధం. 1995లో మైకేల్ లాంగ్ అనే మరో ఆదివాసి ఆటగాడు ప్రత్యర్థి దూషణను బహిరంగంగా ఎత్తిచూపిన తరువాత, జాతిని, మతాన్ని కించపరచడం నేరమని లీగ్ నియమం చేసింది.

నియమం వచ్చినంత మాత్రాన నోళ్ళు కట్టుబడతాయా? సిడ్నీ ఆటగాడు ఆడమ్ గుడ్స్ 2013లో తనమీద పడిన దూషణను సహించక ఎదురు నిలిచాడు. 2014లో దేశం అతనిని ఆ ఏటి మేటి ఆస్ట్రేలియనుగా గౌరవించింది. 2015లో మాత్రం అతను బంతి ముట్టినప్పుడల్లా మైదానాలు గోలగా ఊళపెట్టాయి. ఆ ఏడాదే అతను ఆట మానుకున్నాడు. లీగూ, 18 జట్లూ కలిసి క్షమాపణ చెప్పుకున్నది 2019లో.

ఇక్కడే నాకు చిక్కు ముడి. ఫుట్‌స్క్రేను కాపాడిన జనమూ, విన్మార్‌ను దూషించిన జనమూ ఒకే సంస్కృతి బిడ్డలు. మనది, మనవాడు అన్న పట్టుదలే ఒకచోట చందా అయింది, మరొకచోట తిట్టు అయింది. పాత రోజులు బంగారమనేవారు ఆ బంగారంలో కలిసిన ఇత్తడిని తూచడం లేదు. పాతదంతా అనాగరికమనే నవీనులు, ఫిట్జ్‌రాయ్ శ్మశానంమీద స్టేడియాలు కట్టినవారిని ప్రశ్నించడం లేదు. నా మట్టుకు నేను సంస్కృతి మారిందనేవారిని ఒక్కటే అడగదలచాను: అప్పట్లో కంచెకు లోపల ఎవరున్నారు, వెలుపల ఎవరున్నారు?

ఆ ప్రశ్నకు స్త్రీలు ఇచ్చిన జవాబు చక్కనిది. పందొమ్మిదో శతాబ్దం నుంచీ వారు ప్రేక్షకులే. జాతీయ లీగ్‌లో ఆటగత్తెలయింది 2017 ఫిబ్రవరి 3న. పురుషుల లీగ్ 2005 తరువాత మ్యాచ్ ఆడని కార్ల్టన్ పాత మైదానంలోనే ఆ తొలి పోటీ జరిగింది. 24,568 మందితో నిండిపోయి తలుపులు మూయవలసి వచ్చింది. వదిలేసిన పేట మైదానానికి ప్రాణం పోసినవారు ఎన్నడూ లోపలికి రానీయబడని వారే కావడం గమనించదగ్గది.

టాస్మేనియా కథ కూడా అటువంటిదే. పీటర్ హడ్సన్ వంటి మేటి ఆటగాళ్ళను కన్న ఆ ద్వీపానికి సొంత జట్టు ఇవ్వడానికి లీగ్ 2023 వరకు ఆగింది; అదీ కొత్త స్టేడియం కట్టాలనే షరతుమీద. 2024 మార్చిలో పేరు, రంగులు ప్రకటించగానే కొద్ది రోజులలో రెండు లక్షల మందికి పైగా సభ్యత్వం తీసుకున్నారు. ఆ రాష్ట్ర జనాభాయే ఆరు లక్షలలోపు! బయటివారూ చేరారనుకోండి, అయినా పేట మమకారం చచ్చిందనేవారికి ఇంతకంటే సమాధానమేముంటుంది?

నా ఫిర్యాదులూ లేకపోలేదు. ఆటకూ ఆటకూ మధ్య పందేల కంపెనీల ప్రకటనలు పిల్లల చెవిన పడటం నాకు రుచించదు. జనాన్ని కట్టిపడేసే గోల్‌వీరులు కరువయ్యారు. ఒక సీజనులో నూరు గోల్‌లు కొట్టిన చివరివాడు 2008లో లాన్స్ ఫ్రాంక్లిన్. 2022లో అతనే తన వెయ్యో గోల్ కొట్టినప్పుడు వేలాదిమంది మైదానంలోకి పరుగెత్తారు. ఆ కాసేపూ కంచె అనేదే లేకపోయింది.

మా పడమటి శివార్లలో నేడు తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మన పిల్లలు శనివారం ఉదయాన ఆ గుడ్డు బంతితో తంటాలు పడుతుంటే చూస్తుంటాను. వాళ్ళకు పేట మమకారమూ అబ్బాలి, దాని ఇత్తడి అంటకూడదు. మన ఊళ్ళలో కూడా మనది అనే మాట ఎవరినో వెలుపల పెట్టడానికే ఎన్నిసార్లు పనికివచ్చిందో మనకు తెలియనిది కాదు. కనుక ఈ పాఠం మనకు ఫూటీ నేర్పేదీ కాదు, ఫూటీతో ముగిసేదీ కాదు.