పక్షవాతం తర్వాత వ్యాయామ వీడియో ఆటలు

పక్షవాతంతో పడిపోయిన చేతికి, కాలికి మళ్లీ కదలిక నేర్పడానికి వీడియో ఆటలను వాడటం పునరావాస చికిత్సలో ఒక పద్ధతి. ఒళ్లు కదిలితేనే ముందుకు సాగే ఈ ఆటలను ఎక్సర్‌గేమ్స్, అంటే వ్యాయామ వీడియో ఆటలు అంటారు. మామూలు వీడియో ఆటలు బొటనవేళ్లతో మీటలు నొక్కితే నడుస్తాయి. ఇక్కడ మాత్రం చెయ్యి చాపితేనే తెర మీది మామిడిపండు తెగుతుంది, బరువు ఎడమ కాలి మీదికి మార్చితేనే పడవ ఎడమకు తిరుగుతుంది. ఈ పద్ధతిలో యంత్రం కన్నా దాని వెనకున్న లెక్క ముఖ్యం. పెద్ద నగరాలకు దూరంగా, రెండు రాష్ట్రాల అంచున ఉన్న బళ్లారి లాంటి జిల్లాకు ఆ లెక్కే ఎక్కువ పనికొస్తుంది.

కదలికల లెక్క

మెదడులో రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా, దాన్ని నమ్ముకున్న నాడీకణాలు నిమిషాల్లోనే చనిపోవడం మొదలవుతుంది. పోయిన కణాలు తిరిగి రావు. చుట్టుపక్కల భాగాలు, కొంతవరకు మెదడు అవతలి సగం, ఆ పనిని నెమ్మదిగా తలకెత్తుకుంటాయి. చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయిస్తే అవి నేర్చుకుంటాయి.

ఎన్నిసార్లు చేయించాలి? జంతువుల మీద జరిగిన పరిశోధనల్లో రోజుకు కొన్ని వందల సార్లు చేయించారు. మరి మనుషులకు జరుగుతున్నదెంత? అమెరికా, కెనడాల్లోని 7 కేంద్రాల్లో కేథరిన్ లాంగ్ బృందం చికిత్స జరుగుతుండగా పక్కనే ఉండి లెక్కపెట్టింది. 2009లో వెలువడిన ఆ లెక్క ప్రకారం, చేతి పనులు సాధన చేయించిన ఒక్కో విడతలో సగటున 32 కదలికలే. సంపన్న దేశాల్లోనే పరిస్థితి ఇది.

ఇందులో రోగిని తప్పుపట్టడానికి లేదు. పైకెత్తు, దించు, పైకెత్తు, దించు అంటూ గోడకేసి చూస్తూ చేసే వ్యాయామం పదో సారికే విసుగు పుట్టిస్తుంది. చెయ్యి మాట వినడం లేదన్న దుఃఖం దానికి తోడు. పక్షవాతం తర్వాత మనసు కుంగిపోవడం చాలామందిలో కనిపిస్తుంది. అదే చెయ్యి తెర మీది పండును తాకి, టింగున గంట మోగి, అంకె 7 నుంచి 8 కి మారితే, పక్కన కూర్చున్న మనవడు “ఇంకొక్కటి తాతా” అంటే, ఆ ఒక్కటి పది అవుతుంది. ఈ ఆటల బలమంతా అక్కడే ఉంది. కదలిక సరిగ్గా పడిందో లేదో అప్పటికప్పుడు తెలుస్తుంది, నిన్నటి అంకె ఎదురుగా కనిపిస్తుంది.

గదిలో ఆట నుంచి ఆసుపత్రికి

నింటెండో కంపెనీ 2006లో ‘వీ’ అనే వీడియో ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. దాని రిమోట్‌ను చేత్తో పట్టుకుని ఊపితే తెర మీద టెన్నిస్ బ్యాటు ఊగుతుంది. మరుసటి ఏడాది వచ్చిన బ్యాలెన్స్ బోర్డు, మీద నిలబడ్డ మనిషి బరువు ఏ కాలి మీద ఎంత పడుతోందో కొలిచేది. పిల్లల కోసం, కుటుంబాల కోసం చేసిన ఈ వస్తువులను ఫిజియోథెరపిస్టులు త్వరలోనే ఆసుపత్రులకు తెచ్చుకున్నారు. 2010లో మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ వచ్చింది. చేతిలో ఏదీ పట్టుకోనక్కర్లేకుండా, పరారుణ కిరణాలతో మనిషి కీళ్లు ఎక్కడున్నాయో అది గుర్తుపట్టేది. పిడికిలి బిగుసుకుపోయి రిమోట్ పట్టుకోలేని వాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. కానీ ఆటల మార్కెట్లో గిరాకీ తగ్గడంతో 2017లో దాని తయారీ ఆపేశారు. దాని మీద ఆధారపడి చికిత్స ఆటలు తయారుచేసుకున్న వాళ్లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. వ్యాపారం కోసం పుట్టిన వస్తువును నమ్ముకుని చికిత్స నడిపితే ఉండే చిక్కు ఇదే.

రోగుల కోసమే తయారైన పరికరాలు మనకు దగ్గర్లోనూ ఉన్నాయి. హైదరాబాద్ ఐఐటీలో ఎదిగిన బీఏబుల్ హెల్త్ అనే అంకుర సంస్థ ‘ఆర్మేబుల్’ తయారుచేసింది. పడిపోయిన చేతిని కదుపుతూ తెర మీద ఆట ఆడించే పరికరమది. మద్రాస్ ఐఐటీ, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల కలిసి చేసిన ‘ప్లూటో’ అరచేతికి, మణికట్టుకు పనికొస్తుంది. ఒకే మోటారు, మార్చుకునే పిడులు. ఒక పిడితో మణికట్టును వంచవచ్చు, ఇంకొక దానితో ముంజేతిని తిప్పవచ్చు, మరొక దానితో పిడికిలి తెరిచి మూయవచ్చు. ప్రతి కదలికకూ తెర మీద ఒక ఆట ఉంటుంది.

రాయలసీమ వాళ్లకు వెల్లూరు కొత్త ఊరు కాదు. పెద్ద జబ్బంటే ‘రాయవేలూరు పోదాం’ అనడం మన ఇళ్లలో పాత అలవాటు. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడినా వీల్‌చెయిర్‌లోనే వైద్యం సాగించిన డాక్టర్ మేరీ వర్గీస్ కృషితో 1966లో అక్కడ పునరావాస సంస్థ మొదలైంది. ప్లూటో లాంటిది ఆ ఊళ్లో పుట్టడం వెనక అంత చరిత్ర ఉంది.

పరీక్షలో తేలింది

కెనడాకు చెందిన గుస్తావో సపోస్నిక్ బృందం 2010లో 22 మంది రోగులతో చేసిన చిన్న ప్రయత్నంలో ‘వీ’ ఆడినవాళ్ల చెయ్యి మెరుగ్గా కోలుకున్నట్టు కనిపించింది. ఆశ పెరిగింది. తర్వాత అదే బృందం కెనడా, అర్జెంటీనా, పెరూ, థాయ్‌లాండ్ దేశాల్లో 141 మందితో పెద్ద పరీక్ష చేసి, 2016లో ఫలితం ప్రకటించింది. మామూలు చికిత్సకు అదనంగా సగం మంది రెండు వారాల్లో గంటేసి చొప్పున 10 సార్లు ‘వీ’ ఆడారు. మిగతా సగం మంది అంతే సమయం పేకాట, డామినోలు, బింగో లాంటివి ఆడారు. రెండు వైపులా చేతులు మెరుగుపడ్డాయి, తేడా మాత్రం తేలలేదు.

దీన్ని వీడియో ఆటల ఓటమిగా చదివినవాళ్లున్నారు. నాకు మాత్రం ఇందులో పేదవాడికి పనికొచ్చే కబురు కనిపిస్తుంది. 2017లో కోక్రేన్ సంస్థ 72 పరీక్షలను, 2,470 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. మామూలు చికిత్సకు బదులుగా ఆటలు పెడితే చేతికి అదనపు లాభం కనపడలేదు. మామూలు చికిత్సకు తోడుగా, సాధన సమయం పెరిగేలా వాడితే మేలు ఉండవచ్చని తేలింది. అంటే సాధన పెరగడమే అసలు మందు. అది పేకముక్కలతో పెరిగినా మంచిదే, తెరతో పెరిగినా మంచిదే.

ఆట కనిపెట్టలేని తప్పులు

తెర మీది అంకెకు రోగి ఒళ్లు పట్టదు. చెయ్యి చాచలేని మనిషి నడుము ముందుకు వంచి పండును తాకినా ఆట ‘శభాష్’ అంటుంది. ఆ అలవాటు ముదిరితే మోచేయి చాచడం ఎప్పటికీ రాదు. అందుకే ఫిజియోథెరపిస్టు ఒక్కోసారి రోగి ఛాతీని కుర్చీకి మెత్తటి పట్టీతో ఆనించి ఆడిస్తారు. చెయ్యి పూర్తిగా వాలిపోయిన దశలో భుజం కీలు జారి ఉండవచ్చు. అప్పుడు చంకలో పట్టుకుని లేపడం, చేతిని లాగడం, రిమోట్ ఇచ్చి విసురుగా ఊపమనడం చేస్తే నొప్పి నెలల తరబడి వదలదు. మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి ఎడమ పక్కనున్న లోకమే తోచదు. తెరలో ఎడమన పడే పండ్లన్నీ రాలిపోతుంటే ‘శ్రద్ధ లేదు’ అని ఇంటివాళ్లు కసురుకుంటారు. అది శ్రద్ధ లేకపోవడం కాదు, జబ్బు లక్షణం.

నిలబడి ఆడే ఆటలను పక్కన మనిషి లేకుండా ఆడకూడదు. రక్తపోటు అదుపులో లేనివాళ్లు, మూర్ఛలు వచ్చేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. తొందర కూడా పనికిరాదు. 2,104 మందితో జరిగిన ‘అవర్ట్’ పరీక్ష 2015లో తేల్చినదాని ప్రకారం, పక్షవాతం వచ్చిన మొదటి 24 గంటల్లోనే రోగిని లేపి ఎక్కువగా కదిలించడం మంచి చేయకపోగా చెరుపు చేసింది.

సరిహద్దు ఇళ్లలో

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి పట్టణం మైసూరు వైపు వెళ్లింది. గీత పడింది గానీ చుట్టరికాలూ, ఆసుపత్రి దారులూ తెగలేదు. 1961లో మొదలై, జనం నోట విమ్స్‌గా నిలిచిన బళ్లారి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి అనంతపురం, కర్నూలు వైపు పల్లెల నుంచి కూడా రోగులు వెళ్తారు. ఒకే వార్డులో ఒక మంచం దగ్గర ‘చెయ్యీ కాలూ పడిపోయింది’ అంటారు, పక్క మంచం దగ్గర అదే మాటను కన్నడంలో ‘లక్వా హొడెదిదె’ అంటారు.

ఇలాంటి చోట ఆట ఏ భాషలో మాట్లాడుతుందన్నది చిన్న విషయం కాదు. ఇంగ్లిషు సూచనలతో వచ్చే ఆట ఇక్కడి ముసలివాళ్లకు మూగది. కుడి పక్క పడిపోయిన వాళ్లలో చాలామందికి మాట కూడా దెబ్బతింటుంది కాబట్టి బొమ్మ, అంకె, చప్పుడు ఉన్న ఆటే వాళ్లకు నయం. రెండు భాషల సంగతి వచ్చింది కనుక ఇంకొక మాట. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. జబ్బు తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్లు, రెండు భాషలు మాట్లాడేవారిలో 40 శాతం, ఒకే భాష వచ్చినవారిలో 20 శాతం దాకా ఉన్నారు. తెలుగూ కన్నడమూ కలిపి బతికే ఊళ్లకు ఇది చల్లని మాట.

పల్లెకు తిరిగి వెళ్లాక అసలు కష్టం మొదలవుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాలంటే ఆటో ఖర్చు, వెంట వచ్చే కొడుకు కూలి పోవడం. ఇంటివాళ్లకే నేర్పి పంపితే చాలదా అని మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో ‘అటెండ్’ అనే పరీక్ష చేశారు. 6 నెలల తర్వాత చావులోగానీ, ఒకరి మీద ఆధారపడటంలోగానీ తేడా రాలేదని 2017లో తేలింది. ఇంటి ప్రేమ ఎంతున్నా, నేర్చినవాళ్లు మధ్యమధ్య వచ్చి చూడాలనే నేను దీని నుంచి అర్థం చేసుకుంటున్నాను.

యంత్రం లేని ఇంట్లో వామనగుంటల పీట ఉండవచ్చు. కన్నడంలో దాన్నే అళగుళి మణె అంటారు. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, గుంటకు ఐదేసి చింతగింజలు, మొత్తం 70. వేళ్లకు కొద్దిగా పట్టు వచ్చిన రోగి బొటనవేలు, చూపుడువేలుతో ఒక్కో గింజను పట్టి, చెయ్యి చాపి, గుంటలో వదలాలి. పట్టడం కన్నా వదలడమే అతనికి కష్టం. ఒక ఆట ముగిసేసరికి ఆ పని ఎన్ని పదులసార్లు జరుగుతుందో పక్కన కూర్చుని లెక్కపెట్టి చూడండి.

కోలుకోవడంలో పెద్ద వాటా మొదటి 3 నెలల్లోనే జరుగుతుంది. వీడియో ఆట అందుబాటులో ఉంటే ఫిజియోథెరపిస్టును అడిగి వాడండి. అది లేదని మాత్రం ఆ మూడు నెలలూ ఇంట్లో పెద్దవాళ్లను పడిపోయిన చేతిని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చోనివ్వకండి.