గోడ మీద అలంకారం కాదు, పెద్దల ఇల్లు



సవర బొమ్మలు ఇప్పుడు సంచుల మీద, బట్టల మీద, ఆఫీసు గోడల మీద కనబడుతున్నాయి. బాగుంటాయి. కానీ అసలు ఎందుకు పుట్టాయి?

గంజాం, కోరాపుట్ కొండల్లో సవర ఊళ్లు తిరిగిన వెరియర్ ఎల్విన్ 1955లో వాళ్ల మతం గురించి పెద్ద పుస్తకం తెచ్చాడు. ఇంట్లో జబ్బు చేసినా, చనిపోయినోళ్లు కలలోకి వచ్చినా గోడకి ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి నీళ్లలో కలిపి, వెదురు పుల్లతో బొమ్మ వేస్తారు. ముందు ఒక చట్రం గీస్తారు. అది పోయినోళ్లకి ఇల్లు. లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్లు, ఏనుగులు, గుర్రాలు. తర్వాత పూజారి ఆ ఆత్మను పిలుస్తాడు. ఏదైనా తక్కువైందని ఆత్మ అంటే, అదీ గీస్తారు. ఎల్విన్ చూసిన బొమ్మల్లో రైలు, సైకిల్, విమానం కూడా ఉన్నాయి. కొండకి కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ వాళ్లు పెద్దలకి ఇచ్చారన్నమాట.

2024లో ఒడిశా లంజియా సవర చిత్రాలకి జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే జీఐ కాపాడేది పేరునే, కథను కాదు.

మన గూడెం కొత్తవీధిలో ఎక్కువమందిమి భగతలు, కొండదొరలు, కోందులు. ఆ గోడ బొమ్మ మన ఆచారం కాదు. దాన్ని కాపీ కొట్టి 'మా ట్రైబల్ ఆర్ట్' అనడం సవర పెద్దలకీ, మన పెద్దలకీ అన్యాయమే. మనకి ఇటుకల పండగ ఉంది, థింసా ఉంది, కొండకొక కథ ఉంది.

ఈ సెలవుల్లో ఊళ్లో ఏ రాయికి, ఏ చెట్టుకి ఎందుకు మొక్కుతారో పెద్దోళ్లని అడిగి రాసుకురండి. బొమ్మ తర్వాత వేద్దాం.