ఉద్దానం తీరంలో తపస్సుకాలము: కతోలిక పాఠశాలలో నియమం, గౌరవం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

శ్రీకాకుళం జిల్లా ఉత్తరభాగంలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల నేపథ్యంలో కతోలిక పాఠశాలలలోని తపస్సుకాల ఆచరణను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శ్రీసభ ఉపవాస నియమాలలో 1966 తరువాత వచ్చిన మార్పు, భారత రాజ్యాంగం విద్యార్థికి ఇచ్చిన మతస్వేచ్ఛ, ఉద్దానం ప్రజల జీవనస్థితి అనే మూడు అంశాలను కలిపి చూస్తుంది. పాఠశాలలో తపస్సుకాలము బోధనగానే నిలుస్తుందని, ఆ బోధనకు గీటురాయి పరస్పర గౌరవమేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తపస్సుకాలము, విభూది బుధవారము, ఉపవాసం, ఒక్కపొద్దు, ఉద్దానం, మతస్వేచ్ఛ.

1. ఉపోద్ఘాతం

టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేవి. ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950 ఆగస్టు 15న ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో భాగమయ్యాయి. తెలుగు, ఒడియా భాషలు కలిసి వినిపించే ఈ నేలమీద క్రైస్తవ విద్య, వైద్యసేవల చరిత్రలో కెనడియన్ బాప్టిస్టు మిషన్‌కు ప్రముఖస్థానం ఉంది. అందువల్ల ఇక్కడి కతోలికులు క్రైస్తవులలోనూ అల్పసంఖ్యాకులే. వారి పాఠశాలలలో చదివేవారిలో అధికులు ఇతర మతాల పిల్లలు.

ఈ స్థితిలో ఒక మౌలిక ప్రశ్న తలెత్తుతుంది. నలభైదినాల తపస్సు ఒక విశ్వాససమాజానికి చెందిన ఆచారం. భిన్నవిశ్వాసాల పిల్లలు ఒకే బల్లమీద కూర్చునే తరగతిలో దానిని ఎవరినీ నొప్పించకుండా, అలాగని దాచకుండా ఆచరించడం ఎలా?

2. ఆన్సీ నుంచి విశాఖకు

ఉత్తరాంధ్రలో ఆధునిక కతోలిక విద్యకు మూలాలు ఫ్రాన్సులోని సవాయ్ ప్రాంతంలో ఉన్నాయి. 1838లో ఆన్సీలో పీటర్ మెర్మియె స్థాపించిన పునీత ఫ్రాన్సిస్ దె సాల్ మిషనరీల సభ్యులు 1846లో విశాఖపట్నం చేరారు. మరుసటి ఏడాదే అక్కడ సెయింట్ అలోషియస్ పాఠశాల వెలసింది. 1849లో ఆన్సీ నుంచే పునీత జోసెఫ్ సభ మఠకన్యలు వచ్చి బాలికల విద్యను చేపట్టారు. 1886లో విశాఖపట్నం మేత్రాసనంగా రూపొందింది. దాని నుంచి 1993లో శ్రీకాకుళం మేత్రాసనం విడివడింది.

ఈ మిషనరీల పాలకపునీతుడైన ఫ్రాన్సిస్ దె సాల్ (1567–1622) ఆలోచన ఈ చర్చకు కీలకం. భక్తి ఆయా మనుషుల వృత్తికి, శక్తికి, బాధ్యతలకు తగినట్లుండాలని ఆయన 1609లో వెలువరించిన భక్తిజీవన గ్రంథంలో బోధించాడు. అతిగా ఉపవసించి శరీరాన్ని కృశింపజేసుకోవడాన్ని ఆయన హర్షించలేదు. ఏరికోరి చప్పిడి తిండి తినడంకంటే ఎదుట పెట్టినదానిని సంతోషంగా స్వీకరించడమే గొప్ప నిగ్రహమన్నాడు. అతిథిధర్మానికి దగ్గరగా ఉన్న ఈ దృష్టిలో నిగ్రహంతో పాటు ఎదుటివారి పట్ల మర్యాద కూడా ఇమిడి ఉంది.

3. మాటల చుట్టరికం, అర్థాల తేడా

తెలుగు కతోలికుల ఆరాధనభాషలో ఈ కాలానికి తపస్సుకాలమని, తొలిదినానికి విభూది బుధవారమని పేర్లు. ప్రొటెస్టంటు సంఘాలలో శ్రమకాలం, భస్మ బుధవారం అనే మాటలు వాడుకలో ఉన్నాయి. తపస్సు, విభూది, ఉపవాసం అనే మాటలు తెలుగు పిల్లలందరికీ ఇంటినుంచే పరిచితం. కతోలిక ఉపవాస నియమం ప్రకారం దినంలో ఒక్కపూటే నిండుభోజనం; మిగిలిన రెండు పూటలా స్వల్పాహారానికి అనుమతి ఉంది. ఇది తెలుగువారి ఒక్కపొద్దుకు సన్నిహితమైనది. ముస్లిముల రోజాను కూడా ఒక్కపొద్దు అనడం తెలుగునాట ఉన్నదే.

పంచాంగాలు సైతం ఒక్కోసారి ఈ చుట్టరికాన్ని చూపుతాయి. 2025లో ఫిబ్రవరి 26న మహాశివరాత్రి, మార్చి 2న రంజాన్ మాస ఉపవాసాల ఆరంభం, మార్చి 5న విభూది బుధవారం వచ్చాయి. ఎనిమిది దినాల వ్యవధిలో మూడు మతాలవారు ఉపవాసదీక్షలో ప్రవేశించారు.

అయితే మాట ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదు. శైవుని విభూది శివప్రసాదం. కతోలికుని విభూది గత సంవత్సరపు మట్టలాదివారం నాటి మట్టలను కాల్చి చేసినది. మనిషి మట్టి అన్న ఎరుకకు, పశ్చాత్తాపానికి గుర్తు. మాటల చుట్టరికం పిల్లల మధ్య సంభాషణకు దారి తెరుస్తుంది. కాని అన్నీ ఒకటేనని తేల్చివేస్తే ఏ ఒక్క విశ్వాసాన్నీ గౌరవించినట్లు కాదు. పొరుగువాని ఆచారాన్ని అతని అర్థంలోనే తెలుసుకోవడం గౌరవానికి తొలిమెట్టు.

4. నియమం నుంచి శిక్షణకు

1917 నాటి శ్రీసభ న్యాయస్మృతి తపస్సుకాలంలో ఆదివారాలు మినహా ప్రతిదినాన్నీ ఉపవాసదినంగా నిర్దేశించింది. ఉపవాసం ఇరవై ఒక్కేళ్లు నిండినవారికి వర్తించగా, మాంసవర్జనం ఏడేళ్లు నిండిన పిల్లలకు కూడా వర్తించేది. 1966 ఫిబ్రవరి 17న ఆరవ పౌలు పోపు వెలువరించిన శాసనం ఈ వ్యవస్థను సరళీకరించింది. తప్పనిసరి ఉపవాసం విభూది బుధవారానికి, పవిత్ర శుక్రవారానికి పరిమితమయింది. 1983 నాటి కొత్త న్యాయస్మృతి మాంసవర్జనానికి పద్నాలుగేళ్లు నిండడాన్ని, ఉపవాసానికి యుక్తవయస్సును హద్దుగా పెట్టింది.

ఈ వయఃపరిమితులను పాఠశాలకు అన్వయిస్తే ముఖ్యమైన విషయం తేలుతుంది. పద్దెనిమిదేళ్లు నిండని బడిపిల్లవాడెవడూ, కతోలికుడైనా సరే, ఉపవాస నియమానికి బద్ధుడు కాడు. పద్నాలుగు నిండని వానికి మాంసవర్జన నియమమూ లేదు. అయితే తపస్సులోని నిజమైన అంతరార్థాన్ని పిల్లలకు నేర్పవలసిన బాధ్యతను అదే స్మృతి గురువులకు, తల్లిదండ్రులకు అప్పగించింది. అంటే బడిలో తపస్సుకాలము పిల్లల మీద పెట్టే నిబంధన కాదు. వారికి అందించే శిక్షణ. కతోలిక పిల్లలకే లేని నిర్బంధాన్ని ఇతరులపై పెట్టడానికి శ్రీసభ న్యాయంలోనే ఆధారం లేదు.

5. గౌరవానికి రాజ్యాంగరూపం

రాజ్యాంగంలోని 30(1) అధికరణం అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కునిచ్చింది. 28(3) అధికరణం ఆ హక్కుకు తోడుగా విద్యార్థి స్వేచ్ఛను నిలిపింది. ప్రభుత్వ గుర్తింపు లేక సహాయం పొందే సంస్థలో చదివేవారెవరినీ వారి సమ్మతి లేకుండా, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు గాని ఆరాధనకు గాని హాజరుకమ్మని నిర్బంధించరాదు. శుక్రవారం సిలువమార్గ ప్రార్థనకు, నుదుట విభూది ధారణకు ఇది వర్తిస్తుంది. యాదృచ్ఛికమే అయినా, ఇతర మతాలతో సంబంధాలపైన, క్రైస్తవ విద్యపైన రెండవ వాటికన్ మహాసభ ప్రకటనలు ఒకేరోజున, 1965 అక్టోబరు 28న, వెలువడడం గమనార్హం.

గౌరవమంటే పాల్గొనడమేనా అన్న ప్రశ్నకు 1986లో సుప్రీంకోర్టు సమాధానం చెప్పింది. యెహోవాసాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు కేరళలోని ఒక పాఠశాలలో జాతీయగీతం పాడకుండా మౌనంగా లేచి నిలబడేవారు. వారిని బడినుంచి తొలగించడం చెల్లదని జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పు రాశారు. లేచి నిలబడడంలోనే గౌరవం ఉందని, నోరు కలపకపోవడం అగౌరవం కాదని ఆ తీర్పు సారాంశం. తపస్సుకాల ప్రార్థనవేళ మౌనంగా ఉన్న హిందూ, ముస్లిం, బాప్టిస్టు పిల్లలకు ఇదే న్యాయం అన్వయిస్తుంది. మహాశివరాత్రికి, రంజాన్‌కు కతోలిక విద్యార్థి చూపవలసిన మర్యాదకూ కొలమానం ఇదే.

6. ఉద్దానం అడిగే తపస్సు

శ్రీసభ నియమంలో మాంసం నిషిద్ధమే గాని చేప కాదు. భావనపాడు నుంచి బారువ వరకు తీరగ్రామాలలో చేప నిత్యాహారం. అక్కడ శుక్రవారం మాంసం మాని చేపలపులుసు తినడం పేరుకు నియమపాలనే. త్యాగం మాత్రం కనిపించదు. పైగా తపస్సుకాలము జీడితోటల్లో పిక్కలు రాలే కాలంతో, పదవతరగతి పరీక్షలతో కలిసివస్తుంది. పలాస–కాశీబుగ్గలోని జీడికార్ఖానాలలో పిక్క కొట్టి పప్పు తీసేవారి వేళ్లను జీడినూనె కాలుస్తుంది. ఆ ఇళ్లనుంచి వచ్చిన పిల్లలకు కష్టమంటే ఏమిటో ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు.

వీటన్నిటికంటే బరువైనది మూత్రపిండాల వ్యాధి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాలలో దశాబ్దాలుగా ఎన్నో కుటుంబాలను అది కుంగదీసింది. నిర్ధారితమైన ఒకే కారణం తేలలేదు. నీటి స్వభావం, ఎండలో శ్రమ, శరీరంలో నీటిలోటు పరిశోధకుల పరిశీలనలో ఉన్నాయి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఇటువంటి నేలమీద వేసవి ముంగిట పిల్లలను దాహంతో ఉంచే ఏ దీక్షా సమర్థనీయం కాదు. కతోలిక ఉపవాసం నీటిని నిషేధించదన్న సంగతి ఇక్కడ ప్రత్యేకంగా బోధించవలసినది.

తపస్సుకాలానికి ప్రార్థన, ఉపవాసం, దానం అని మూడు అంగాలు. విభూది బుధవారం చదివే మత్తయి సువార్త ఆరవ అధ్యాయం ఈ మూడింటినీ ఆడంబరం లేకుండా చేయమంటుంది. ఆ వారాంతంలో చదివే యెషయా ప్రవచనం ఆకలిగొన్నవానికి అన్నం పంచడమే దేవుడు మెచ్చే ఉపవాసమంటుంది. ప్రాయశ్చిత్తం వ్యక్తిగతమే కాక సామాజికంగా కూడా ఉండాలని 1963 నాటి వాటికన్ మహాసభ ఆరాధన సంవిధానం నిర్దేశించింది. కారితాస్ ఇండియా తపస్సుకాలంలో ఆకలికి, రోగానికి వ్యతిరేకంగా నడిపే ప్రచారం ఆ దిశలోనిదే. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసింది. తోట పోయిన ఇంటికి, డయాలసిస్‌కు తిరిగే ఇంటికి చేయందించడంలో అన్ని మతాల పిల్లలూ ఏ సంకోచమూ లేకుండా కలవగలరు.

7. ముగింపు

శ్రీసభ న్యాయం బడిపిల్లలను ఉపవాసబద్ధత నుంచి మినహాయించింది. రాజ్యాంగం విద్యార్థి సమ్మతిని తప్పనిసరి చేసింది. ఈ రెండూ వేర్వేరు మూలాలనుంచి బయలుదేరి ఒకే గీత గీశాయి: ఆచారం విశ్వాసికి, అవగాహన అందరికీ. ఉద్దానం జీవితం దానికి మూడవ మాట చేర్చింది: సేవ అందరిదీ. విభూది ధరించిన పిల్లవాడు, ధరించని పిల్లవాడు కలిసి ఒక రోగి ఇంటికి మంచినీటి బిందె మోసుకువెళ్లగలిగితే, ఆ బడిలో తపస్సుకాలము దాని అర్థాన్ని పొందినట్లే.