కబురుకు పట్టు కాలము: పల్లెలో ఆటకు తగిన ఇంటర్నెట్ ఏది?

చెన్నై నుండి ముంబయికి పోవు పాత రైలుమార్గముపై, అరక్కోణము, రేణిగుంట జంక్షన్ల నడుమ పుత్తూరు ఉన్నది. చిత్తూరు జిల్లాకు చెందిన ఈ పట్టణము 2022 ఏప్రిల్‌లో క్రొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. దీని చుట్టునున్న పల్లెలలోని విద్యార్థి నేడు ఇంటిలో కూర్చుండియే దూరదేశములోని ఆటగానితో కంప్యూటరుపై పోటీపడవచ్చును. అయితే అతని ఇంటికి ఎట్టి ఇంటర్నెట్ తగును? ప్రకటనలలో కనబడు ‘100 ఎంబీపీఎస్’ వంటి సంఖ్య నొక్కదానిని చూచి ఎన్నుకొనుట సరియేనా? వార్తాప్రసారముల చరిత్రను పరిశీలించినచో దీనికి సమాధానము లభించును.

ఒక చెరువును తలచుకొందము. తూము పెద్దదైనచో ఎక్కువ నీరు పారును. కాని తూము ఎత్తిన పిదప కాలువ చివరనున్న మడికి మొదటి నీరు చేరుటకు ఎంతసేపు పట్టుననునది వేరు సంగతి. ఇంటర్నెట్‌లో మొదటిదానిని సామర్థ్యమనియు, రెండవదానిని జాప్యమనియు అనవచ్చును. సినిమా చూచుటకు సామర్థ్యము కావలెను. ఆటలో పోవు సమాచారము స్వల్పము. ఎవరు ఎచట నున్నారు, ఏ మీట నొక్కిరి అనునంతే. కాని అది సకాలమున పోయి రావలెను. కనుక ఆటకు జాప్యమే ప్రధానము.

జాప్యము క్రొత్త సమస్య కాదు. 1851లో కలకత్తా, డైమండ్ హార్బరుల నడుమ మన దేశములో తంతి మార్గము వేయబడెను. 1855లో తంతి సౌకర్యము ప్రజలకు లభించెను. 1871లో మద్రాసు రైలుమార్గము రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలిసెను. తీగలో విద్యుత్సంకేతము రెప్పపాటులో పోవును. అయినను తంతివార్త చేరుటకు చాలసేపు పట్టుచుండెను. కారణమేమి? ముందు వచ్చిన వార్తలు పోవువరకు వెనుక వచ్చినది ఆఫీసులో వేచియుండవలెను. దూరపు కబురును నడుమనున్న గుమాస్తా వ్రాసికొని, మరల మీట కొట్టి పంపవలెను. అనగా జాప్యమునకు కారణములు రెండు: దారి పొడవు ఒకటి, మజిలీలలో నిరీక్షణ మరియొకటి. నేటి ఇంటర్నెట్‌లోను ఈ రెండే ప్రధాన కారణములు.

ఈ కాలమును కొలుచుటకు 1983 డిసెంబరులో అమెరికా సైనిక పరిశోధనశాలలో పనిచేయుచుండిన మైక్ మూస్ ‘పింగ్’ అను చిన్న ప్రోగ్రామును వ్రాసెను. జలాంతర్గాములను కనుగొనుటకు నీటిలోనికి పంపు ధ్వనిని బట్టి దాని కాపేరు పెట్టెను. అది వేరొక కంప్యూటరుకు సంకేతమును పంపి, తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును మిల్లీసెకండులలో, అనగా సెకండులో వెయ్యవ వంతులలో, తెలుపును.

మన దేశములో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్‌ను అందించెను. మొదట మద్రాసు మొదలైన మహానగరములకే అది పరిమితము. టెలిఫోను తీగకు మోడెము తగిలించి, సెకండుకు 9.6 కిలోబిట్ల వేగముతో వాడుకొనుచుండిరి. మరుసటి సంవత్సరము, 1996లో, అమెరికాలో ‘క్వేక్’ అను ఆట వెలువడెను. ఒకే భవనములోని కంప్యూటర్లపై అది చక్కగా నడచెను. మోడెముపై మాత్రము మీట నొక్కిన తరువాత కొంతసేపటికిగాని బొమ్మ కదలలేదు. దాని రచయిత జాన్ కార్మాక్ ఆ యేడు డిసెంబరులోనే ఒక ఉపాయము పన్నెను: దూరపు కంప్యూటరు జవాబుకై వేచియుండక, ఆటగాని కంప్యూటరే ఫలితమును ముందుగా ఊహించి చూపును, జవాబు వచ్చిన పిదప సరిదిద్దుకొనును. దీనివలన జాప్యము మరుగుపడినదేగాని నశింపలేదు.

తరువాత సామర్థ్యము శీఘ్రముగా పెరిగెను. బ్రాడ్‌బ్యాండ్ అనదగిన కనీస వేగము ప్రభుత్వ నిర్వచనములో 2004లో సెకండుకు 256 కిలోబిట్లు. 2013లో 512 కిలోబిట్లు. 2023లో 2 మెగాబిట్లు. కాని ఈ అంకెలన్నియు తూము వెడల్పును తెలుపునవే.

రెంటికిగల భేదము ఉపగ్రహముల విషయమున స్పష్టమగును. 1975–76లో ఒక అమెరికా ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ పాఠములు ప్రసారము చేయబడెను. బొమ్మ పావు సెకండు ఆలస్యముగా వచ్చినను చూచువారికి లోటు లేదు. ఆటకు అది చాలదు. భూస్థిర ఉపగ్రహము 35,786 కిలోమీటర్ల ఎత్తుననుండును. ప్రశ్న పైకి పోయి క్రిందికి రావలెను, జవాబును అట్లే. మొత్తము దాదాపు 1,43,000 కిలోమీటర్లు. కాంతి వేగముతో పోయినను 477 మిల్లీసెకండులు పట్టును. ఎంత సొమ్ము వెచ్చించినను ఈ కాలము తగ్గదు. ఇది ప్రకృతి నియమము. ఎత్తు తగ్గించుటయే మార్గము. పుత్తూరువలెనే 2022లో తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోటనుండి 2022 అక్టోబరు 23న, 2023 మార్చి 26న వన్‌వెబ్ సంస్థ ఉపగ్రహములు విడతకు 36 చొప్పున ప్రయోగింపబడెను. అవి తిరుగునది 1,200 కిలోమీటర్ల ఎత్తున. ఉపగ్రహము నడినెత్తిన ఉన్నప్పుడు పై లెక్కప్రకారము 16 మిల్లీసెకండులు చాలును.

నేలపై మేలైన దారి గాజుపోగు, అనగా ఆప్టికల్ ఫైబరు. శుద్ధమైన గాజుపోగులో కాంతిద్వారా వార్తలను దూరము పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్‌లు వివరించిరి. కావోకు 2009లో నోబెల్ బహుమానము లభించెను. గాజులో కాంతి సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. పుత్తూరునుండి చెన్నైకి రైలుదారి సుమారు 110 కిలోమీటర్లు. అంత పొడవు పోగులో పోయివచ్చుటకు ఒక మిల్లీసెకండుకు కొంచెము ఎక్కువ. 2002లో చెన్నై, సింగపూరుల నడుమ సముద్రగర్భమున వేసిన 3,200 కిలోమీటర్ల కేబులులో 32 మిల్లీసెకండులు. కనుక ఆట నడపు కంప్యూటరు ఏ ఊరిలో ఉన్నదో తెలిసికొనుటయు అవసరమే. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిరి. దీనికై నేల త్రవ్వుటకు బదులు విద్యుత్ స్తంభములపై పోగులను లాగిరి. అందువలన ఖర్చు తగ్గినది. గాలివానకు తెగు భయము మాత్రము కలదు.

సెల్‌ఫోను స్తంభము సంగతి వేరు. దాని ఆకాశమార్గమును చుట్టుప్రక్కలవారందరు పంచుకొందురు. సాయంకాలము వాడుక పెరిగినచో ఎవరి వంతు వచ్చువరకు వారు ఆగవలెను. కొండ అడ్డమైనచో సంకేతము బలహీనమై, పోయిన ముక్కలను మరల పంపవలసివచ్చును. అందుచే జాప్యము ఒకసారి 40, మరుక్షణమే 200 మిల్లీసెకండులు కావచ్చును. నిలకడగా 60 ఉన్న లైను దీనికంటె మేలు.

ఇంటిలోపలను నిరీక్షణ కలదు. ఒకరు పెద్ద వీడియోను పంపుచుండగా ఆట ఆగిపోవుటకు కారణము పెట్టెలో పేరుకొను వరుసయే. 2010లో జిమ్ గెటిస్ తన ఇంటిలోనే ఈ లోపమును గమనించెను. 2012లో క్యాథ్లీన్ నికొల్స్, వాన్ జాకబ్సన్‌లు వరుస పెరుగకుండు పద్ధతిని ప్రకటించిరి. ఇది తంతి ఆఫీసునాటి సమస్యయే.

కావున పల్లెలో ఫైబరు ఉన్నచో దానినే ఎన్నుకొనవలెను. పెట్టెనుండి కంప్యూటరుకు తీగ తగిలించుట మంచిది. అది లేనిచోట స్తంభము సూటిగా కనబడు సెల్‌ఫోను సేవ, తరువాత తక్కువ ఎత్తు ఉపగ్రహ సేవ లభ్యమైనచో అది, చిట్టచివర భూస్థిర ఉపగ్రహము. సొమ్ము చెల్లించుటకు ముందు పొరుగింటి లైనుపై ఉదయము, రాత్రి 8 గంటలకు, వాన కురియునప్పుడు పింగ్ కొలిచి వ్రాసికొనవలెను. తరగతిలో విద్యార్థులచే ఈ ప్రయోగము చేయింపవచ్చును.

ఇది ఆటకు మాత్రమే సంబంధించినది కాదు. టెలిఫోను సంభాషణకు ఒకవైపు జాప్యము 150 మిల్లీసెకండులు మించకుండుట మేలని అంతర్జాతీయ ప్రమాణము చెప్పుచున్నది. దూరమునుండి వైద్యుడు రోగిని ప్రశ్నించినను, ఉపాధ్యాయుడు విద్యార్థిని ప్రశ్నించినను జవాబు వెంటనే రావలెను. కేవలము ఎంబీపీఎస్‌ను చూచి కొన్న పల్లెవాసి వెడల్పైన తూము ఉండియు మడి తడియని రైతువలె అగును. లైను ఎంత మోయగలదని అడుగునప్పుడే, కబురు ఎంతసేపటిలో పోయి వచ్చునని కూడ అడుగుట నేర్చుకొనవలెను.