కాలువగట్టు బాట
చెరువు ఒడ్డున నడిచేవారు, పరుగెత్తేవారు కోరుకునే నీటిపక్క బాట గోదావరి డెల్టాలో కాలువల పొడవునా కనిపిస్తుంది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి సాగిన కాలువలు పొలాలకు నీరందిస్తూనే సరకు పడవలకూ దారి అయ్యాయి. నీటిమట్టం మారే చోట పడవను రెండు తలుపుల మధ్య నిలిపి, నీరు నింపి లేదా వదిలి, పైకో కిందికో చేర్చే కట్టడాన్ని లాకు అంటారు. తెరచాపకు గాలి అందనప్పుడు పడవవాళ్లు తాడు భుజాన వేసుకొని గట్టు వెంట నడుస్తూ పడవను లాగేవారు. ఆ కాయకష్టానికి చరిత్రలో దక్కాల్సినంత చోటు దక్కలేదు. రైళ్లు, లారీలు వచ్చాక పడవలు తగ్గిపోయినా, వరిచేల నడుమ ఎత్తుపల్లాలు లేని ఆ గట్లు నిలిచే ఉన్నాయి.