మిత్రదేశాల సేనల్లో మెషిన్ గన్లు, హెలికాప్టర్లు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాటో దేశాలు, వాటితో కలిసి యుద్ధాలు చేసిన ఆస్ట్రేలియా వంటి దేశాలు తమ సేనలకు ఉమ్మడి సామగ్రి ఉండాలని ఎంతో ప్రయత్నించాయి. మెషిన్ గన్ విషయంలో ఆ ప్రయత్నం చాలావరకు ఫలించింది. హెలికాప్టర్ విషయంలో ఫలించలేదు. పన్నెండు కిలోల తుపాకీని, పది టన్నుల యంత్రాన్ని పక్కపక్కన పెట్టి చూడడానికి ఇదొక్కటే కారణం కాదు. 1960ల నుంచి పదాతిదళం పోరాడే తీరును ఈ రెండూ కలిసే మార్చాయి.

ముందు తూటా, తర్వాత తుపాకీ

1949లో నాటో ఏర్పడేనాటికి సభ్యదేశాల్లో దేశానికో రకం తూటా వాడుకలో ఉంది. బ్రిటన్ .280 అంగుళాల చిన్న తూటాను ప్రతిపాదించి, 1951లో దానికి తగిన రైఫిల్‌ను కూడా ఆమోదించింది. అమెరికా మాత్రం ఎక్కువ శక్తిగల తూటాయే కావాలని పట్టుబట్టింది. చివరికి అమెరికా మాటే నెగ్గి, 7.62×51 మిల్లీమీటర్ల తూటా 1954లో నాటో ప్రమాణమైంది. తూటా కొలత ఖాయమయ్యాక, దానికి సరిపోయే తుపాకీని ఏ దేశం తయారుచేసినా మిగతావాళ్లకు పనికొచ్చే వీలు కలిగింది.

ఆ వీలును బాగా ఉపయోగించుకున్నది బెల్జియంలోని ఎఫ్‌ఎన్ సంస్థ. అక్కడి ఇంజినీరు ఎర్నెస్ట్ వెర్వియే 1950లలో రూపొందించిన మాగ్ తుపాకీలో తూటాను బంధించి పేల్చే ఏర్పాటు అమెరికన్ బ్రౌనింగ్ ఆటోమేటిక్ రైఫిల్ నుంచి వచ్చింది. తూటాల పట్టీని లోపలికి లాగే ఏర్పాటు జర్మన్ ఎంజీ42 నుంచి వచ్చింది. బరువు సుమారు 11.8 కిలోలు, వేగం నిమిషానికి 650 నుంచి 1,000 తూటాలు. ఇది 80కి పైగా దేశాల సేనల్లోకి చేరింది. బ్రిటన్‌లో దీని పేరు ఎల్7. అమెరికా 1977లో ఎం240 పేరుతో ముందు ట్యాంకులకు తీసుకుంది, 1990లలో పదాతిదళానికీ ఇచ్చింది. భారత సైన్యం వాడే మాగ్ కాన్పూర్‌లో తయారవుతుంది.

పశ్చిమ జర్మనీ తన పాత ఎంజీ42నే కొత్త తూటాకు మార్చి ఎంజీ3గా కొనసాగించింది. వేగంలో మాగ్ దీనికి సాటి రాదు, కానీ అంత వేగం తూటాలను ఊరికే మింగేస్తుందన్న విమర్శలోనూ నిజముంది. అమెరికా 1957లో ఆమోదించిన ఎం60 వీటికన్నా కాస్త తేలికే గాని, దాని రూపకల్పనలో పెద్ద లోపముంది. తొలి రకాల్లో ముందుకాళ్లు గొట్టానికే బిగించి ఉండేవి. గొట్టానికి పిడి లేదు. కాల్పుల్లో ఎర్రగా కాగిన గొట్టాన్ని మార్చాలంటే ఆస్బెస్టాస్ చేతితొడుగు వేసుకోక తప్పేది కాదు.

ప్రమాణం కుదిరినంత మాత్రాన అన్నీ కలిసిపోలేదు. తూటా ఒకటే అయినా, తూటాలను కలిపే లింకులు వేరుగా ఉండిపోయాయి. జర్మన్ పట్టీ కాల్చిన తర్వాత కూడా విడిపోకుండా వేలాడుతుంది. అమెరికన్ పట్టీ లింకు లింకుగా విడిపోయి రాలుతుంది.

హెలికాప్టర్ ఎందుకు ఒకటి కాలేదు

హెలికాప్టర్‌కు తూటా లాంటి ఉమ్మడి కొలత ఏదీ లేదు. పర్వతాల మీద గాలి పలచబడుతుంది, ఎండకు మరింత పలచబడుతుంది, దాంతో రోటర్ ఎత్తగలిగే బరువు తగ్గుతుంది. నౌక మీద దిగేదానికి రెక్కలు మడవాలి, ఉప్పుగాలికి తట్టుకోవాలి. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి రూపొందించిన ఎన్‌హెచ్90 మొదట 1995లో ఎగిరింది. అయితే కొనే ప్రతి దేశమూ తనకు కావలసిన మార్పులు కోరడంతో విడిభాగాలు, మరమ్మతులు భారమయ్యాయి. నార్వే 2022లో ఒప్పందం రద్దు చేసుకుంది. ఆస్ట్రేలియా 2023లో వాటిని పక్కనపెట్టి అమెరికన్ బ్లాక్ హాక్ వైపు వెళ్లింది.

1974లో మొదట ఎగిరిన బ్లాక్ హాక్ పూర్తి సామగ్రితో ఉన్న 11 మంది సైనికులను మోస్తుంది. 1961 నాటి షినూక్ ముందూ వెనకా రెండు పెద్ద రోటర్లతో ఎగురుతూ ముప్పై మందికి పైగా సైనికులను గానీ, పది టన్నుల దాకా సరుకును గానీ తీసుకెళ్తుంది. ఒక్క షినూక్ ఉండడానికీ లేకపోవడానికీ ఎంత తేడానో 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో తేలింది. మే 25న అర్జెంటీనా క్షిపణి అట్లాంటిక్ కన్వేయర్ నౌకను తాకి మూడు షినూక్‌లు కాలిపోయాయి. ఆ సమయంలో గాల్లో ఉన్న బ్రావో నవంబర్ అనే షినూక్ ఒక్కటే మిగిలింది. బ్రిటిష్ సైనికులు తడి నేలల మీదుగా మెషిన్ గన్లు, తూటాల పట్టీలు భుజాన వేసుకుని పదుల కిలోమీటర్లు నడిచారు. ఎదురుగా ఉన్న అర్జెంటీనా సైన్యం చేతుల్లోనూ అదే మాగ్, అదే 7.62 తూటా.

తలుపు దగ్గర

ఈ రెండూ ఒకచోట చేరేది హెలికాప్టర్ తలుపు దగ్గర. వియత్నాంలో హ్యూయీ హెలికాప్టర్ల తలుపులకు రెండు చేతుల పిడి ఉన్న ఎం60డీ బిగించారు. తన రోటర్‌నే కాల్చకుండా తుపాకీ తిరిగే మేరకు అడ్డాలు పెట్టాలి. ఖాళీ తూటా తొడుగులు ఎగిరి తోక రోటర్‌కు తగలకుండా సంచి కట్టాలి. ఆరు గొట్టాల మినీగన్ విద్యుత్తుతో తిరుగుతుంది కాబట్టి నేలమీది సైనికుడికి దాదాపు పనికిరాదు. నిమిషానికి 3,000 తూటాల వేగంతో అది సెకనుకు 50 తూటాలు, అంటే లింకులతో కలిపి దాదాపు కిలోన్నర బరువు ఖర్చు చేస్తుంది. ఆ బరువంతా మోసుకెళ్లే సైనికులకో, ఇంధనానికో కోత పెడుతుంది.

తలుపు తుపాకీ కన్నా తూటాలు చేరవేయడమే హెలికాప్టర్ చేసిన గొప్ప సాయం అనిపించే ఘట్టం లాంగ్ టాన్. 1966 ఆగస్టు 18న దక్షిణ వియత్నాంలోని ఒక రబ్బరు తోటలో, ముగ్గురు న్యూజీలాండ్ ఫిరంగిదళ సైనికులతో కలిపి 108 మంది ఉన్న ఆస్ట్రేలియన్ కంపెనీని తమకన్నా ఎన్నో రెట్లు పెద్ద దళం ముట్టడించింది. తూటాలు అయిపోతుండగా, కుండపోత వానలో రెండు ఆస్ట్రేలియన్ హ్యూయీలు చెట్ల మీదికి వచ్చి దుప్పట్లలో చుట్టిన తూటాల పెట్టెలు జారవిడిచాయి. 18 మంది ఆస్ట్రేలియన్లు చనిపోయినా కంపెనీ నిలబడింది.

అఫ్గానిస్థాన్‌లో తలుపు దగ్గరి తుపాకీ వేరే ప్రశ్న తెచ్చింది. క్షతగాత్రులను గంటలోపు ఆసుపత్రికి చేర్చాలని 2009లో అమెరికా రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ ఆదేశించారు. రెడ్ క్రాస్ గుర్తున్న అమెరికా సైనిక బ్లాక్ హాక్‌లు యుద్ధ నియమాలను పాటించి మెషిన్ గన్లు లేకుండానే వెళ్లేవి, తోడుగా సాయుధ హెలికాప్టర్ రావాలి. ఆ గుర్తు లేని బ్రిటిష్ షినూక్‌లు వైద్యులతోపాటు మినీగన్లనూ మోసుకుని నేరుగా దిగేవి. కాల్పులు ఆగని చోట తోడు కోసం ఎదురుచూసే నిమిషాలు ప్రాణాంతకం కాబట్టి, బ్రిటిష్ పద్ధతి వైపే మొగ్గాలనిపిస్తుంది. అయితే రెడ్ క్రాస్ రక్షణను వదులుకోవడం చిన్న విషయం కాదు.

హెలికాప్టర్ల ఉమ్మడితనం వాడకంలో కన్నా తయారీలో ఎక్కువగా కనిపిస్తోంది. 30 మిల్లీమీటర్ల ఫిరంగితో పోరాడే అపాచీ శరీరభాగాలు హైదరాబాద్ శివారు ఆదిబట్లలోని టాటా బోయింగ్ ఏరోస్పేస్ కర్మాగారంలో తయారవుతాయి. మొదటిది 2018లో అమెరికాకు వెళ్లింది. ఆ మరుసటి ఏడాది సెప్టెంబరులో భారత వైమానికదళం తన తొలి అపాచీలను పఠాన్‌కోట్‌లో చేర్చుకుంది.