విలియమ్స్‌బర్గ్: నిలిచినవి, మళ్లీ లేపినవి

డ్యూక్ ఆఫ్ గ్లౌస్టర్ వీధిలో పొద్దున్నే జనం ఉండరు. పడమటి కొసన విలియం అండ్ మేరీ కాలేజీ, తూర్పు కొసన కాపిటల్ భవనం, మధ్యలో మైలు పొడవున తిన్నటి వీధి. వెడల్పు 99 అడుగులు. పగటిపూట ఇటు కార్లను రానివ్వరు. అందుకే ముందుగా గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తుంది, ఆ వెనకే బండి చక్రాల కిర్రుమనే మోత. గుర్రపు పేడ, కట్టెల పొగ, మంచుకు తడిసిన ఆకులు, అన్నీ కలిసి ఒక వాసన. వర్జీనియాలో అక్టోబరు ఉదయం కదా, నీడన చలి వణికిస్తుంది. ఎండ వైపే నడవండి.

1699లో వర్జీనియా వలస రాజధాని జేమ్స్‌టౌన్ నుంచి ఇక్కడికి వచ్చింది. 1780లో రిచ్‌మండ్‌కు తరలిపోయింది. ఆ తర్వాత దాదాపు నూట యాభై ఏళ్లు ఈ ఊరి వైపు పెద్దగా చూసినవాళ్లు లేరు. పాతవి పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఆడలేదు కాబట్టే చాలా ఇళ్లు బతికిపోయాయి. పద్దెనిమిదో శతాబ్దపు అసలు కట్టడాలు ఇంకా ఎనభైకి పైగా ఉన్నాయి. మిగతావి పాత పునాదుల మీద మళ్లీ లేపినవి. పక్కపక్కనే ఉంటాయి, పైకి చూస్తే తేడా తెలియదు. నా మాట వినండి, ప్రతి గుమ్మం దగ్గరా ఒక్క ప్రశ్న అడగండి: ఇది అప్పటిదా, తర్వాత కట్టిందా? ఈ ఊరిని అర్థం చేసుకోవడం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

బ్రూటన్ పారిష్ చర్చి దాటగానే ఎడమచేతి వైపు పెద్ద పచ్చిక బయలు. దాని చివర గవర్నర్ ప్యాలెస్. లోపల అడుగు పెట్టగానే తల దానంతట అదే పైకి లేస్తుంది. హాలు గోడల నిండా తుపాకులు, కత్తులు, వరసలుగా, వలయాలుగా బిగించి ఉన్నాయి. రాజు ప్రతినిధిని చూడవచ్చినవాడికి నోరు విప్పకముందే సంగతి బోధపడాలని ఈ అలంకారం. ఆఖరి రాజ గవర్నర్ లార్డ్ డన్మోర్ ఇన్ని ఆయుధాల మధ్య ఉండి కూడా 1775 జూన్‌లో కుటుంబంతో సహా ఇక్కణ్నుంచి పారిపోయాడు. ఆ తర్వాత పాట్రిక్ హెన్రీ, థామస్ జెఫర్సన్ గవర్నర్లుగా ఇక్కడే ఉన్నారు. 1781 డిసెంబరులో భవనం తగలబడిపోయింది.

మరి మీరు నిలబడ్డ హాలు ఏది? 1934లో తెరిచినది. నేల తవ్వి పునాదులు పట్టుకున్నారు. జెఫర్సన్ తన చేత్తో గీసుకున్న గదుల కొలతల పటం వాళ్ల చేతిలో ఉంది. 1929లో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఒక రాగి రేకు బయటపడింది, దాని మీద ప్యాలెస్ ముఖభాగం చెక్కి ఉంది. కిటికీలెన్ని, పొగగొట్టాలెక్కడ, కప్పు మీది బురుజు ఎలా ఉండేది, అన్నీ అందులో చూసి కట్టారు. తవ్వుతుంటే తోటలో 156 మంది అమెరికన్ సైనికుల సమాధులు కూడా దొరికాయి. యార్క్‌టౌన్ ముట్టడి రోజుల్లో ఈ ప్యాలెస్‌నే ఆస్పత్రిగా వాడారు. తోటలోకి వెళితే ఆ చోట కాసేపు ఆగండి.

ఆ పచ్చిక బయలుకు పడమటి పక్కనే జార్జ్ వైత్ ఇల్లు. ఇది అసలుది. గోడకు మొహం ఆనించినంత దగ్గరగా వెళ్లండి. ప్రతి వరసలోనూ ఒక ఇటుక పొడుగు వైపు కనిపిస్తుంది, పక్కది పొట్టి వైపు, మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి. కిటికీల చుట్టూ ఉన్నవి ఇంకాస్త ఎర్రగా, నున్నగా ఉంటాయి. వాటిని రాతితో రుద్ది అంచులు తీర్చారు. ఇటుకల మధ్యది ఆల్చిప్పలు కాల్చి చేసిన సున్నం. పై అంతస్తు కిటికీలు కిందివాటికన్నా చిన్నవి. ఎవరో బాగా ఆలోచించి కట్టిన ఇల్లు ఇది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన వైత్, జెఫర్సన్‌కు న్యాయశాస్త్రం నేర్పిన గురువు.

1781లో యార్క్‌టౌన్ మీదికి కదలబోయే ముందు జార్జ్ వాషింగ్టన్ ఈ ఇంట్లోనే దిగాడు. ఇక్కడ నిలబడితే తెలుగువాడికి ఇంకో పేరు గుర్తురాకుండా ఉండదు. అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన సేనాని కార్న్‌వాలిస్. అయిదేళ్లు తిరక్కుండా అతనే గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి పోయింది అతని హయాంలోనే. 1793లో అతను బెంగాల్‌లో తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతి తర్వాత మన ఉత్తర సర్కారులకూ పాకింది, మన జిల్లాల జమీందారీల కథ అక్కణ్నుంచే మలుపు తిరిగింది. ఇక్కడ ఓడినవాడు అక్కడ పాలకుడయ్యాడు. ఈ ఇంటి మెట్లు దిగుతున్నప్పుడు నాకు అమెరికా చరిత్ర పరాయిదనిపించలేదు.

మళ్లీ పెద్ద వీధిలోకి రండి. కోర్టు హౌస్ ముందు ఆగి పైకి చూడండి. వసారా కప్పు ముందుకు పొడుచుకొచ్చి ఉంది, కింద ఒక్క స్తంభం లేదు. ఏదో మరిచిపోయారనిపిస్తుంది. 1911లో మంటలు అంటుకున్నాక బాగుచేసినవాళ్లకూ అలాగే అనిపించినట్టుంది, స్తంభాలు పెట్టించారు. తర్వాత పునరుద్ధరణ చేసినవాళ్లు మొదట్లో అవి లేవని తేల్చుకుని తీసేశారు. కంటికి నచ్చినదాన్ని వదిలి నిజాన్ని ఎంచుకున్నారు. నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం అదే.

ఇంకాస్త ముందుకెళితే లడ్‌వెల్-ప్యారడైజ్ ఇల్లు. పునరుద్ధరణ కథ ఇక్కడే మొదలైంది. బ్రూటన్ చర్చి పాస్టరు గుడ్విన్ ఊరిని మళ్లీ నిలబెట్టాలని కలగన్నాడు. కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌ను ఒప్పించాడు. 1926 డిసెంబరులో ఈ ఇల్లు 8 వేల డాలర్లకు కొనమంటూ టెలిగ్రామ్ వచ్చింది, కింద సంతకం ‘డేవిడ్ తండ్రి’ అని మాత్రమే. పేరు బయటపడితే ధరలు పెరుగుతాయని భయం. పాస్టరు గారు ఇల్లు వెంట ఇల్లు కొంటూ పోయారు. ఎవరి డబ్బు అన్నది ఊరివాళ్లకు 1928 దాకా తెలియలేదు.

కమ్మరి కొలిమి దగ్గరికి ఎలాగూ కాళ్లే లాక్కెళతాయి. తిత్తి ఊదినప్పుడల్లా బొగ్గుల రంగు మారుతుంది. సన్నటి ఇనుప కడ్డీ కొస ఎర్రగా కాలగానే కమ్మరి దాగలి మీద పెట్టి తిప్పి తిప్పి నాలుగు వైపులా కొట్టి మొన తేలుస్తాడు. గాటు పెట్టి, బెజ్జమున్న ఇనుప దిమ్మలోకి దూర్చి విరిచి, పైన మిగిలిన ముక్కను నాలుగు దెబ్బలతో పరుస్తాడు. మేకు తల తయారు. మీరు ఊపిరి తీసుకునేలోపే ఇంకో కడ్డీ నిప్పుల్లో ఉంటుంది. ఇది వట్టి ప్రదర్శన కాదు. ఈ ఊళ్లో మళ్లీ కట్టే ఇళ్లకు మేకులు, బందులు ఇలాంటి కొలుముల నుంచే వెళతాయి.

మార్గరెట్ హంటర్ దుకాణంలో బట్టలు కుట్టేవాళ్లు చిన్న కుట్లు వేస్తూ కబుర్లు చెబుతుంటారు. పూల అద్దకపు నూలు గుడ్డ గురించి అడగండి. మచిలీపట్నం వైపు తీరంలో అద్దిన చీట్లను ఇంగ్లండులో కట్టుకోకూడదని 1721లో చట్టం చేశారు, తమ నేతగాళ్ల కోసం. కానీ ఆ సరుకును లండన్ మీదుగా వలసలకు పంపి అమ్ముకోవడానికి అడ్డు లేదు. కాబట్టి మన అద్దకం గుడ్డ లండన్ వీధుల్లో నేరం, విలియమ్స్‌బర్గ్ వీధుల్లో సోకు.

తూర్పు కొసన కాపిటల్. రెండు గుండ్రటి ముఖాలు, మధ్యలో కలిపే వంతెన లాంటి భాగం. ప్రతినిధుల సభ బెంచీ మీద కూర్చోండి. అమెరికన్ యాత్రికులు పాట్రిక్ హెన్రీ గొంతు ఊహించుకుంటూ ఇక్కడ కూర్చుంటారు. అయితే 1705లో పూర్తయిన మొదటి కాపిటల్‌కు ఇది నకలు. అది 1747లో కాలిపోయింది. 1765లో స్టాంపు చట్టం మీద హెన్రీ గర్జించింది, 1776 మే 15న స్వాతంత్ర్యం కోరాలని తీర్మానించింది, ఆ తర్వాత కట్టిన రెండో భవనంలో. మొదటిదానికి ఆధారాలు ఎక్కువగా దొరికాయని దాన్నే మళ్లీ కట్టారు. స్థలం అదే, గోడలు మాత్రం ఆ మాటలు విన్నవాటి నకలు కూడా కాదు. ఇక్కడి గైడ్లు ఈ సంగతి దాచరు, అడిగితే విడమర్చి చెబుతారు.

నికల్సన్ వీధిలో ముదురెరుపు రంగు చెక్కల ఇల్లు పేటన్ రాండాల్ఫ్‌ది, అసలుదే. మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్ అధ్యక్షుడి ఇల్లు. ముందు గదుల్లో ఎక్కువసేపు ఉండకండి. వెనక వంటింటికి వెళ్లండి. నిలువెత్తు పొయ్యి, ఇనుప కొక్కేలకు వేలాడే పాత్రలు, మసి. 1775లో రాండాల్ఫ్ చనిపోయేనాటికి ఇక్కడ అతని ఆస్తిగా లెక్కకెక్కిన మనుషులు 27 మంది. అప్పటి ఊరి జనాభాలో సగం మంది ఇలాంటి బానిసలే. ఆ ఏడు నవంబరులో డన్మోర్ ప్రకటించాడు: తిరుగుబాటుదారుల బానిసలు తన వైపు వచ్చి పోరాడితే స్వేచ్ఛ. ఈ ఇంటి నుంచి ఈవ్ అనే ఆమె, మరికొందరు వెళ్లిపోయారు. తర్వాత ఈవ్ దొరికింది. రాండాల్ఫ్ భార్య తన వీలునామాకు ఒక మాట చేర్చింది, ప్రవర్తన బాగాలేదు కాబట్టి ఆమెను అమ్మేయాల్సి వచ్చిందని. ముందు గదిలో స్వేచ్ఛ గురించి మాట్లాడుకున్నారు, వెనక గదిలో ఉన్నావిడ దానికోసం నడిచి వెళ్లింది.

ఇక ఫ్రాన్సిస్ వీధి వెంట నాసో వీధి మూలకు రండి. ఇక్కడ మొన్నమొన్నటిదాకా చూడ్డానికి ఏమీ లేదు. 1776 నుంచి అడవుల్లో రహస్యంగా కలుసుకుని ప్రార్థన చేసుకున్న నల్లవారి సంఘానికి ఇక్కడ చర్చి ఉండేది. గోవన్ పాంఫ్లెట్ అనే బానిస, సత్రంలో పనిచేస్తూనే వాళ్లకు బోధకుడయ్యాడు. అతనికి విముక్తి దొరికింది 1793లో. ఆ సంఘం 1856లో కట్టుకున్న ఇటుక చర్చిని 1950లలో పునరుద్ధరణ సంస్థే కొని, పడగొట్టి, పైన పార్కింగ్ స్థలం పరిచింది. పద్దెనిమిదో శతాబ్దానిది కాదన్నది కారణం. కోర్టు హౌస్ స్తంభాలు తీసినప్పుడు న్యాయమనిపించిన సూత్రమే ఇక్కడ దారుణమైన అన్యాయమైంది. 2020లో, వారసుల కోరిక మీద, అదే సంస్థ తవ్వకం మొదలుపెట్టింది. తొలి ప్రార్థనా మందిరం పునాది బయటపడింది, 16 అడుగులు, 20 అడుగులు. చుట్టూ 60కి పైగా సమాధులు.

ఆ మూలనే ఇంకో చిన్న చెక్క ఇల్లు, బ్రే స్కూలు. 1760లో మొదలై 1774 దాకా నల్ల పిల్లలకు చదువు చెప్పిన బడి. కాలేజీ ఆవరణలో ఇంకో భవనంలో కలిసిపోయి, పేరే మరుగునపడి ఉంటే, 2021లో దూలాల కలప వలయాలు లెక్కపెట్టి చెట్లు 1760 ప్రాంతంలో నరికినవని తేల్చారు. 2023 ఫిబ్రవరిలో పెద్ద బండి మీద మొత్తం ఇంటినే ఇక్కడికి మోసుకొచ్చారు. గది చిన్నది. ఆన్ వేజర్ అనే వితంతువు ఇలాంటి గదిలోనే మూడేళ్ల నుంచి పదేళ్ల పిల్లలకు చదవడం, ఆడపిల్లలకు కుట్టుపని నేర్పింది. యజమానికి అణిగి ఉండమనడమూ పాఠంలో భాగమే. ఐజాక్ బీ ఆ పిల్లల్లో ఒకడు. 1774లో అతను పారిపోతే యజమాని పత్రికలో ప్రకటన వేశాడు: చదవగలడు, తండ్రి స్వతంత్రుడు కాబట్టి తనకూ స్వేచ్ఛ హక్కని అనుకుంటున్నాడు అని.

ఆ బడి పిల్లల పేర్లు ఎనభైకి పైగా జాబితాల్లో మిగిలాయి. వాళ్ల వారసులను వెతికే పని కాలేజీలో ఇప్పటికీ నడుస్తోంది. ఆ పేర్లలో తమ పూర్వీకులను గుర్తుపట్టినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు.